ఊరికి సరిపడే యంత్రం: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మేం హైదరాబాద్‌లో మెకానికల్ ఇంజినీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాం. ఉట్నూరు ఏజెన్సీలోని ఒక గూడెం కోసం ప్రాజెక్టుగా నీళ్లు తోడే యంత్రం చేయాలనుకుంటున్నాం. పిల్లలు ఆడుకుంటూ తిప్పితే నీళ్లొచ్చే పంపు గురించి చదివాం. అలాంటిది చేయొచ్చా?

జవాబు: వద్దు. ఎందుకో లెక్కతో చెబుతాం. మీరు చదివింది దక్షిణాఫ్రికాలో పుట్టిన ప్లేపంప్ గురించి అయివుంటుంది. పిల్లలు తిరిగే ఆటచక్రానికి పంపును కలిపి నీటిని ఎత్తులో ఉన్న ట్యాంకుకు ఎక్కిస్తారు. 2006లో అమెరికా ప్రభుత్వమూ కొన్ని ఫౌండేషన్లూ కలిసి దీనికి 1.64 కోట్ల డాలర్లు ప్రకటించాయి. ఒక్కో పంపు 2,500 మంది అవసరం తీరుస్తుందని ప్రచారం. మనిషికి రోజుకు కనీసం 15 లీటర్లు అనుకున్నా 37,500 లీటర్లు కావాలి. తయారీదారులు చెప్పిన ప్రకారమే పంపు ఇచ్చేది గంటకు 1,400 లీటర్లు. భాగించి చూడండి: రోజుకు దాదాపు 27 గంటలు పిల్లలు చక్రం తిప్పుతూనే ఉండాలి. మొజాంబిక్ లాంటి చోట్ల పనిచేస్తున్న చేతిపంపులు తీసేసి మరీ వీటిని పెట్టారు. పిల్లలు లేని వేళల్లో ఆడవాళ్లే వంగి ఆ చక్రం తిప్పుకోవాల్సి వచ్చింది. పాడైతే బాగుచేసే మనిషి ఊళ్లో లేడు.

మీరు ఏ పంపు గీసినా దాటలేని హద్దు ఒకటుంది. ఎదిగిన మనిషి గంటసేపు నిలకడగా పెట్టగల బలం దాదాపు 70 వాట్లు. 30 మీటర్ల లోతు నుంచి లీటరు నీరు పైకి రావడానికి 294 జౌల్స్ కావాలి. రాపిడికీ లీకులకూ పోగా 60 శాతం దక్కిందనుకుంటే నిమిషానికి ఎనిమిదిన్నర లీటర్లు, గంటకు 500 చిల్లర. తొక్కినా, తిప్పినా, ఊపినా ఇంతే. గేర్లు పెట్టినంత మాత్రాన నీళ్లు పెరగవు.

కాబట్టి గూడేనికి డ్రాయింగులు లేకుండా వెళ్లండి. మే నెలాఖరులో నీటిమట్టం ఎన్ని మీటర్ల లోతున ఉంటుందో కొలవండి. వానాకాలపు కొలత మీద పంపు ఎంచితే వేసవిలో సిలిండర్ (బోరులో మునిగి ఉండి నీటిని తోడే భాగం) గాలి తాగుతుంది. పొద్దున ఆరుకూ ఎనిమిదికీ మధ్య ఎన్ని బిందెలు నిండుతున్నాయో లెక్కపెట్టండి, ఎందుకంటే పంపు సామర్థ్యం రోజు మొత్తానికి కాదు, ఆ రెండు గంటలకు సరిపోవాలి. ఇప్పుడున్న బోరింగు పోయిన ఏడాది ఎన్ని రోజులు ఆగింది, ఏ ముక్క పోయింది, దాని కోసం ఎవరు ఎక్కడికి వెళ్లారు, డబ్బు ఎవరు పెట్టారు అని అడగండి. చాలాసార్లు మీ ప్రాజెక్టు అక్కడే దొరుకుతుంది: కొత్త పంపు అక్కర్లేదు, వాషర్లూ స్పానర్లూ గూడెంలోనే ఉండే ఏర్పాటు కావాలి.

మంచి నమూనా కావాలంటే ఆలేరు వైపు చూడండి. చింతకింది మల్లేశం 1999లో పూర్తిచేసిన లక్ష్మి ఆసు యంత్రం మగ్గాన్ని మార్చలేదు, రంగులద్దే పద్ధతిని మార్చలేదు, చీరను మార్చలేదు. ఒక చీరకు దాదాపు 9,000 సార్లు చేయి అటూ ఇటూ ఆడించి నూలు చుట్టే ఆసు పని ఒక్కదాన్నే తీసుకుంది. నొప్పి ఎక్కడుందో అక్కడే చేయి పెట్టి, మిగతా పనిని ముట్టుకోకపోవడం వల్లే అది నేత ఇళ్లలోకి సులువుగా వెళ్లింది.

ప్రశ్న: మాది మర్రిగూడ మండలం. ఊళ్లోకి భగీరథ నీళ్లు వస్తాయి గానీ, మేం తోట దగ్గర ఉంటాం, బోరు నీళ్లే దిక్కు. పరీక్ష చేయిస్తే ఫ్లోరైడ్ లీటరుకు 3 మిల్లీగ్రాములు, ఆల్కలినిటీ (ఆమ్లాన్ని తట్టుకునే గుణం) 300 అని రాశారు. కాచి చల్లార్చి తాగితే చాలా? పటిక వేస్తే పోతుందంటారు, ఎంత వేయాలి?

జవాబు: కాచవద్దమ్మా. కాచితే క్రిములు చస్తాయి గానీ ఫ్లోరైడ్ ఆవిరి కాదు. నీరు తగ్గినకొద్దీ అది చిక్కబడుతుంది. తాగునీటిలో 1 మిల్లీగ్రాము లోపు ఉండాలని మన ప్రమాణం. వేరే నీరు దొరకనప్పుడు 1.5 దాకా ఒప్పుకుంటారు. మీది దానికి రెట్టింపు. ఇంట్లో ఎదిగే పిల్లలుంటే ఇది వాయిదా వేయాల్సిన పని కాదు.

పటిక పద్ధతి మీ జిల్లా పేరుతోనే ప్రపంచమంతా తెలుసు. నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ) 1970ల్లో రూపొందించిన ఈ నల్లగొండ పద్ధతిని కెన్యా, ఇథియోపియా, టాంజానియాల్లోని ఫ్లోరైడ్ ప్రాంతాల్లోనూ వాడి చూశారు. పటిక నీటిలో కరిగి జిగురులాంటి తెల్లటి తునకలుగా మారుతుంది. ఫ్లోరైడ్ వాటికి అంటుకుని అడుక్కి దిగుతుంది. మీ రెండు అంకెలకు మొదలుపెట్టాల్సిన మోతాదు లీటరుకు 350 మిల్లీగ్రాముల పటిక. ఫ్లోరైడ్ ఒక్కటే చూసి మోతాదు చెప్పేవాళ్ల మాట నమ్మవద్దు. అదే 3 మిల్లీగ్రాముల నీటికి ఆల్కలినిటీ 600 ఉంటే 520 మిల్లీగ్రాములు పడుతుంది.

40 లీటర్ల ప్లాస్టిక్ బకెట్ తీసుకుని అడుగు నుంచి 5 సెంటీమీటర్ల ఎత్తున కుళాయి బిగించండి. అల్యూమినియం పాత్ర వద్దు. పటికను రోజూ తూచడం కష్టం కాబట్టి ద్రావణం చేసి పెట్టుకోండి: 100 గ్రాముల పటిక పొడిని కొంచెం నీటిలో కరిగించి, మొత్తం సరిగ్గా ఒక లీటరు అయ్యేలా నీళ్లు కలిపి, సీసాలో పోయండి. ఇందులో 10 మిల్లీలీటర్లకు ఒక గ్రాము పటిక ఉంటుంది. మీకు కావాల్సింది 40 లీటర్లకు 14 గ్రాములు, అంటే 140 మిల్లీలీటర్లు. మందు సీసాల మీద వచ్చే కొలత మూత సరిపోతుంది.

ముందు సున్నం వేయాలి: పటికలో ఇరవయ్యో వంతు, అంటే బకెట్‌కు 0.7 గ్రాము. దాన్నీ విడిగా తేటగా కలిపి పోయండి. లీటరుకు 3 మిల్లీగ్రాముల లెక్కన చిటికెడు కంటే తక్కువ బ్లీచింగ్ పౌడర్ చాలు. తర్వాత పటిక ద్రావణం పోసి ఒక నిమిషం గట్టిగా, ఆపైన పది నిమిషాలు మెల్లగా కలపండి. మెల్లగా కలపడంలోనే అసలు పని జరుగుతుంది. చిన్న తునకలు ఒకదానికొకటి తగిలి పెద్దవవుతాయి, వేగంగా తిప్పితే విరిగిపోతాయి. గంటసేపు కదపకుండా వదిలి, కుళాయి నుంచి తేట నీరు పట్టుకోండి.

తప్పులు ఎక్కువగా జరిగేది సున్నం దగ్గర. నీరు తేటపడలేదని సున్నం పెంచుతారు. నీటి పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) 6.5కూ 7.5కూ మధ్య ఉంటేనే ఈ పద్ధతి బాగా పనిచేస్తుంది. సున్నం ఎక్కువై 8 దాటితే ఫ్లోరైడ్ పట్టు తగ్గుతుంది, పటికలోని అల్యూమినియం తిరిగి నీటిలో కరుగుతుంది. పటిక మరీ ఎక్కువై పీహెచ్ 6 కిందికి పడినా అల్యూమినియం కరుగుతుంది. పీహెచ్ కాగితాలు ల్యాబ్ సామాన్ల దుకాణంలో దొరుకుతాయి, ఒక కట్ట కొనుక్కోండి. మొదటి వారం 300, 350, 400 మిల్లీగ్రాముల మోతాదులతో మూడు చిన్న బకెట్లలో చేసి, మూడు నమూనాలూ ల్యాబుకు పంపండి. ఫ్లోరైడ్‌తో పాటు మిగిలిన అల్యూమినియం కూడా చూడమనండి, అది 0.2 మిల్లీగ్రాములు దాటకూడదు. నీటి నుంచి తీసిన ఫ్లోరైడ్ అంతా అడుగున చేరిన మడ్డిలో ఉంటుంది. దాన్ని బావి దగ్గరో, గొడ్లు తాగే చోటో, కూరగాయల మడిలోనో పోయవద్దు. బోరుకు దూరంగా సిమెంటు గుంత కట్టి అందులో ఎండనివ్వండి.

ఫ్లోరైడ్ 6, 8 ఉన్న పాఠకులు కూడా ఇది చదువుతారు కాబట్టి ఒక మాట. పటిక బరువులో దాదాపు 45 శాతం సల్ఫేటు. లీటరుకు 1,000 మిల్లీగ్రాముల పటిక వేయాల్సి వస్తే నీటిలో 450 మిల్లీగ్రాముల సల్ఫేటు కలుస్తుంది, అనుమతించిన గరిష్ఠం 400. నీటిలో లవణాలు మొత్తం 1,500 దాటినా ఈ పద్ధతి వద్దు. అలాంటి చోట తాగడానికీ వంటకూ వాన నీరు మేలు. ఐదుగురికి మనిషికి 5 లీటర్ల చొప్పున రోజుకు 25 లీటర్లు, వానల్లేని 240 రోజులకు 6,000 లీటర్లు. 20 చదరపు మీటర్ల రేకుల కప్పు మీద 600 మిల్లీమీటర్ల వాన పడితే, ఐదో వంతు పోయినా 9,600 లీటర్లు చేరుతుంది. కప్పు చాలు, ఖర్చంతా ట్యాంకుకే. మొదటి వానల మురికి నీటిని వదిలేసే పక్క పైపు మాత్రం మరిచిపోవద్దు.

ప్రశ్న: పాడేరు దగ్గర బోరింగులు బాగుచేస్తాను. ఒక పంపుకు వాషర్లు మార్చినా మూడు నెలలకే మళ్లీ నీళ్లు తగ్గుతున్నాయి. పొద్దున పదిసార్లు కొడితే గానీ నీళ్లు రావు, వచ్చినవి కూడా ఎర్రగా ఉంటాయి. ఇప్పుడున్న మార్క్ 2 రకం చేతిపంపు తీసి మార్క్ 3 రకం పెట్టమని పంచాయతీలో అంటున్నారు. ఏం చేయాలి?

జవాబు: మీరు చెప్పినవి మూడు వేర్వేరు జబ్బులు. ఒకే మందుతో పోవు.

పొద్దున ఆలస్యంగా నీళ్లు రావడానికీ వాషర్లకూ సంబంధం తక్కువ. రాత్రి పైపులో నిలవాల్సిన నీరు కిందికి జారిపోతోంది. ఫుట్ వాల్వ్ (సిలిండర్ అడుగున నీరు జారకుండా పట్టే కవాటం) రబ్బరు సరిగా కూర్చోకపోవడమో, పైపు జాయింట్ కారడమో కారణం. పంపును బాగా నీళ్లు వచ్చేదాకా కొట్టి అరగంట వదిలేయండి. మళ్లీ కొట్టినప్పుడు ఐదు స్ట్రోకుల లోపే నీరు వస్తే కింద బాగున్నట్టు. అంతకు మించితే పైపులు పైకి తీయాల్సిందే. తీసేటప్పుడు ప్రతి పైపూ నీటితో నిండి వస్తోందో, ఖాళీగా వస్తోందో గమనించండి. ఏ జాయింట్ దగ్గర పైపు బయట తడిసి తుప్పు గీత కనిపిస్తుందో దొంగ అక్కడే ఉంటాడు.

నీళ్లు తగ్గడం వాషర్ల జబ్బు. మార్క్ 2 సిలిండర్ లోపలి వ్యాసం 63.5 మిల్లీమీటర్లు, స్ట్రోకు 125 మిల్లీమీటర్లు. అంటే ఒక్క స్ట్రోకుకు దాదాపు 0.4 లీటరు, నిమిషానికి 40 పూర్తి స్ట్రోకులు కొడితే 16 లీటర్లు. 14, 15 వస్తే పంపు ఆరోగ్యంగా ఉంది. 10 కంటే తగ్గితే విప్పండి. మూడు నెలలకే అరిగాయంటే వాషర్ నాణ్యత కంటే ముందు ఇసుకను అనుమానించండి. తెల్లటి ప్లాస్టిక్ బకెట్లో నీళ్లు పట్టి, పావుగంట కదపకుండా ఉంచి అడుగు చూడండి. ఇసుక కనిపిస్తే బోరును కంప్రెసర్‌తో శుభ్రం చేయించి, సిలిండర్‌ను బోరు అడుగు నుంచి కనీసం రెండు మూడు మీటర్లు పైకి ఉండేలా ఒక పైపు తగ్గించి బిగించండి. సిలిండర్ ఇత్తడి లోపలి తలాన్ని వేలితో తడిమి చూడండి. నిలువు గీతలు తగిలితే కొత్త వాషర్ కూడా త్వరగా పోతుంది, ఇత్తడి లైనర్ మార్చాలి. తోలు వాషర్లు ఇంకా వాడుతుంటే మానేసి నైట్రైల్ రబ్బరువి వేయండి.

ఎర్ర నీళ్ల సంగతికి వేరే పరీక్ష. పొద్దున మొదటి నీళ్లు ఒక సీసాలో పట్టండి. తర్వాత ఆపకుండా ఇరవై నిమిషాలు కొట్టి, పైపులో నిలిచిన నీరంతా పోయాక రెండో సీసా పట్టండి. మొదటిది ఎర్రగా, రెండోది తేటగా ఉంటే ఇనుము భూమిలోది కాదు, మీ జీఐ (జింకు పూత వేసిన ఇనుప) పైపుది. ఎక్కువగా పీహెచ్ 6.5 కంటే తక్కువ ఉన్న పుల్లటి నీటిలో ఇలా జరుగుతుంది. ముందు జింకు పూత, తర్వాత పైపు మరలు పోతాయి. మీ మొదటి జబ్బు, జాయింట్లు కారడం, దీని నుంచే పుట్టి ఉండొచ్చు. అలాంటి బోరులో జీఐ తీసి జీఐ వేస్తే మళ్లీ అదే జబ్బు. స్టెయిన్‌లెస్ స్టీలు పైపు, రాడ్లు ఖరీదైనా అక్కడ అవే చవక. రెండు సీసాలూ ఎర్రగా ఉంటే మాత్రం నీటిలోనే ఇనుముంది. పైపు మార్చినా ప్రయోజనం లేదు.

ఇక మార్క్ 3. దీని మేలు నిజమే. పైపు వ్యాసం 65 మిల్లీమీటర్లు కాబట్టి పిస్టనూ ఫుట్ వాల్వూ రాడ్లతో పాటే పైపులోంచి పైకి వచ్చేస్తాయి. పైపులు తీయనక్కర్లేదు, ఇద్దరు మనుషులు స్పానర్లతో వాషర్ మార్చేస్తారు. మార్క్ 2కు ట్రైపాడ్, క్లాంపులు, నలుగురైదుగురు మనుషులు కావాలి. కానీ మార్క్ 3 పైపు 30 మీటర్ల బరువు దాదాపు 200 కిలోలు, మార్క్ 2 పైపుకు రెట్టింపు. ఖరీదూ అదే దామాషాలో పెరుగుతుంది. మీ బోరు కేసింగ్ లోపలి వ్యాసం ముందు కొలవండి, సాకెట్లతో సహా పైపు దిగాలి. పుల్లటి నీటిలో మార్క్ 3 జీఐ పైపు కూడా తుప్పు పడుతుంది. కాబట్టి ముందు రెండు సీసాల పరీక్ష చేసి, ఆ సీసాలు పంచాయతీలో బల్ల మీద పెట్టి మాట్లాడండి.

మార్క్ 2 ఇంతకాలం నిలిచింది బలంగా ఉన్నందుకు మాత్రమే కాదు. 1970ల్లో షోలాపూర్ పంపు ఆధారంగా, యూనిసెఫ్ తోడ్పాటుతో మద్రాసులో రూపుదిద్దుకున్న ఈ డిజైన్‌కు పేటెంట్ పెట్టలేదు. కొలతలు ప్రమాణంగా అచ్చు వేశారు. ఏ కంపెనీ వాషర్ అయినా ఏ కంపెనీ పంపుకైనా సరిపోతుంది. కొత్త డిజైన్ ఏది వచ్చినా మేం ముందు చూసేది ఈ గుణమే.

ప్రశ్న: ఉగాండాలో ఒక పల్లె బడికి ఇసుక ఫిల్టర్లు కట్టించాం. 200 మంది పిల్లలు. మొదట్లో బాగానే ఉన్నా, సెలవుల తర్వాత పరీక్షలో క్రిములు కనిపిస్తున్నాయి. నేను కంపాలాలో ఉంటాను, సివిల్ ఇంజినీరును. ఇసుక మార్చాలా?

జవాబు: ఇసుక కంటే ముందు బడి సెలవుల పట్టిక చూడండి. కెనడాలోని కాల్గరీ విశ్వవిద్యాలయంలో డేవిడ్ మాంజ్ రూపొందించిన ఈ బయోశాండ్ ఫిల్టర్ ఇంటి కోసం పుట్టింది. ఇసుక పై పొరలో పెరిగే సూక్ష్మజీవుల పొర అసలు పనివాడు. అది కుదురుకోవడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. దానికి ఆహారం రోజూ పోసే నీటితో వస్తుంది. 48 గంటలు దాటి నీరు పోయకపోతే పొర బలహీనపడుతుంది, నెల సెలవుల్లో చచ్చిపోతుంది. బడి తెరిచిన రోజు పిల్లలు తాగేది దాదాపు వడకట్టని నీరే.

రెండో చిక్కు పరిమాణం. ఒక విడతకు 12 లీటర్లు, విడతకూ విడతకూ మధ్య కనీసం గంట విరామం. రోజుకు నాలుగు విడతలంటే ఒక ఫిల్టర్‌కు 48 లీటర్లు. 200 మంది పిల్లలకు తలా లీటరున్నర చొప్పున 300 లీటర్లు కావాలి, అంటే ఆరేడు ఫిల్టర్లు, వాటిని విడత తప్పకుండా నింపే మనిషి ఒకరు. నీళ్లు చాలక విరామం లేకుండా పోస్తూ ఉంటారు. దాంతో శుద్ధి తగ్గుతుంది.

ఆ ఫిల్టర్లను ఉపాధ్యాయుల ఇళ్లకు, పక్క ఇళ్లకు ఇవ్వండి, అక్కడ రోజూ నడుస్తాయి. ఇచ్చేముందు పైదాకా నీరు నింపి వేగం కొలవండి: నిమిషానికి 0.4 లీటరు మించకూడదు. మించితే ఇసుక ముతక, 0.7 మిల్లీమీటర్ల జల్లెడ దిగిన ఇసుకే వాడాలి, కడిగేటప్పుడు సన్న రేణువులన్నీ పోగొట్టకూడదు. నీరు ఆగాక ఇసుకపై 5 సెంటీమీటర్లు నిలవాలి. తగ్గితే పొర ఎండుతుంది, పెరిగితే దానికి గాలి అందదు. వేగం 0.1కి పడిపోతే ఇసుక మార్చనక్కర్లేదు, పై నీటిని చేత్తో మెల్లగా సుడి తిప్పి ఆ మురికి నీరు తోడేస్తే చాలు. క్లోరిన్ నీళ్లు మాత్రం ఫిల్టర్ పైన పోయకూడదు.

బడికి క్లోరినే సరైనది. 200 లీటర్ల డ్రమ్ముకు లీటరుకు 2 మిల్లీగ్రాముల చొప్పున 400 మిల్లీగ్రాముల క్లోరిన్ కావాలి. 33 శాతం బలమున్న బ్లీచింగ్ పౌడర్ అయితే 1.2 గ్రాము, నిల్వ ఉండి 25 శాతానికి దిగిపోతే 1.6 గ్రాము. అరగంట ఆగి, మిగులు క్లోరిన్ 0.2 నుంచి 0.5 మధ్య ఉందో లేదో రంగు పరీక్షతో చూడండి. మురికి నీరైతే ముందు గుడ్డతో వడకట్టి తేర్చాలి, లేకపోతే క్లోరిన్ మురికి మీదే ఖర్చయిపోతుంది. అక్కడ మీరు చూసే యూ2 చేతిపంపు మన మార్క్ 2 ఆధారంగా వచ్చిందే. బడి దగ్గర అలాంటి బోరు ఉంటే చెరువు నీటి బదులు అదే వాడి క్లోరిన్ కలపండి, పని సగం తగ్గుతుంది.

ప్రశ్న: కదిరి దగ్గర ఆకుకూరలు, టమాటా పండిస్తాం. కరెంటు లేని మట్టికుండ ఫ్రిజ్ పనిచేస్తుందా? అమలాపురంలో మా చుట్టాలు పెట్టి చూశారు, చల్లబడలేదన్నారు.

జవాబు: మీ చుట్టాలు చెప్పిందీ నిజమే, మీ దగ్గర అది పనిచేయడమూ నిజమే. నీరు ఆవిరైనప్పుడే చల్లదనం. గాలిలో తేమ ఉంటే ఆవిరి కాదు. మీ దగ్గర ఏప్రిల్‌లో 40 డిగ్రీల ఎండ, 20 శాతం తేమ ఉన్న మధ్యాహ్నం తడి థర్మామీటర్ 22 చూపిస్తుంది. అమలాపురంలో 34 డిగ్రీలు, 75 శాతం తేమ ఉంటే 30 దగ్గరే ఆగుతుంది. కట్టకముందే పరీక్షించండి: థర్మామీటర్ బుడ్డికి తడి గుడ్డ చుట్టి నీడలో విసనకర్రతో విసరండి. ఏ అంకె దగ్గర ఆగుతుందో అంతకంటే చల్లగా ఏ కుండా ఉంచలేదు. మామూలు థర్మామీటర్‌తో తేడా ఐదారు డిగ్రీలే ఉంటే కట్టవద్దు.

కుండలో కుండ పెట్టి మధ్య తడి ఇసుక నింపే పద్ధతిని ఉత్తర నైజీరియాలో మహమ్మద్ బా అబ్బా 1990ల్లో పల్లెల్లోకి తీసుకెళ్లారు. అక్కడిది పొడి గాలి. మీ సరుకుకు కుండ చిన్నది. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ వాళ్ల ఇటుకల చల్లగది మేలు. 165 సెంటీమీటర్ల పొడవు, 115 వెడల్పున ఇటుకల నేల పరిచి, చుట్టూ రెండు గోడలు 67.5 సెంటీమీటర్ల ఎత్తు కట్టాలి. గోడల మధ్య 7.5 సెంటీమీటర్ల సందులో ఏటి ఇసుక. దాదాపు 400 ఇటుకలు పడతాయి, 100 కిలోల కూరగాయలు పడతాయి. నీరు పీల్చే నాటు ఇటుకలే వాడండి. సిమెంటు పూత పూస్తే గోడకు ఊపిరాడదు. పైన గోనెపట్టా మూత, ఆపైన నీడకు చిన్న పందిరి. పొద్దున, సాయంత్రం ఇసుకనూ గోడలనూ తడపాలి.

మీ వైపు బోరు నీరు చాలా చోట్ల ఉప్పగా ఉంటుంది. ఒక వేసవికే గోడ బయట తెల్లటి పొర కట్టి రంధ్రాలు మూసుకుపోతాయి, చల్లదనం తగ్గిపోతుంది. ఇనుప బ్రష్‌తో రుద్ది, వీలుంటే చెరువు నీరు వాడండి. పండిన టమాటాలతో ఆకుకూరలు కలిపి పెట్టవద్దు, వాటి నుంచి వచ్చే వాయువుకు ఆకులు పసుపెక్కుతాయి. ఉల్లి, వెల్లుల్లి ఇందులో కుళ్లుతాయి.

ప్రశ్న: మేస్త్రీని, మహబూబాబాద్. రెండు గుంతల మరుగుదొడ్డి మీటరు లోతు చాలంటే ఎవరూ నమ్మడం లేదు. పది అడుగులు తవ్వమంటారు.

జవాబు: లెక్క చూపించండి. నీరు ఇంకిపోయాక ఒక మనిషి వల్ల గుంతలో ఏడాదికి చేరే గట్టి పదార్థం దాదాపు 0.04 ఘనపు మీటరు. ఐదుగురికి మూడేళ్లకు 0.6. మీటరు వ్యాసం, మీటరు లోతు గుంతలో పట్టేది 0.78. ఒకటి నిండాక రెండోదానికి మళ్లించి, మొదటిదాన్ని కనీసం ఏడాదిన్నర మూసి ఉంచితే నల్లటి వాసన లేని ఎరువు అవుతుంది. 2017 ఫిబ్రవరిలో వరంగల్ వైపు గంగదేవిపల్లిలో కేంద్ర పారిశుధ్య శాఖ కార్యదర్శి పరమేశ్వరన్ అయ్యర్‌తో పాటు అధికారులు ఇలాంటి గుంతలోకి దిగి స్వయంగా ఎరువు తీశారు. పది అడుగులు తవ్వితే గుంత అడుగు భూగర్భ జలానికి దగ్గరవుతుంది, పక్క బావి చెడుతుంది. వానాకాలపు నీటిమట్టానికి గుంత అడుగు కనీసం రెండు మీటర్లు పైన ఉండాలి, బావికి పది మీటర్ల దూరం ఉండాలి.

గుంతల మధ్య మీటరు దూరం వదలండి. లేకపోతే వాడుతున్న గుంత తడి, మూసిన గుంతలోకి ఊరుతుంది. గోడ ఇటుకల మధ్య సందులు వదిలి కట్టాలి, అడుగున కాంక్రీటు వేయకూడదు. బాత్రూం నీరు ఇందులో కలపవద్దు. మళ్లింపు గదిలో (పైపు రెండు గుంతలకూ చీలే చోట) ఒక దారి మట్టితో, ఇటుకతో గట్టిగా మూయండి. చాలా ఇళ్లలో రెండు దారులూ తెరిచి వదిలేస్తారు, రెండు గుంతలూ ఒకేసారి నిండుతాయి, అప్పుడిక ఎరువు లేదు, విశ్రాంతి లేదు. మూసిన తేదీని మూత మీద పచ్చి సిమెంటులోనే గీసి పెట్టండి.

ప్రశ్న: రెండు ఆవులున్నాయి, పగలు మేతకు వెళ్తాయి. రెండు ఘనపు మీటర్ల దీనబంధు రకం గోబర్ గ్యాస్ ప్లాంటు కట్టుకోవచ్చా?

జవాబు: సరిపోదు. కిలో పచ్చి పేడకు దాదాపు 0.04 ఘనపు మీటరు గ్యాస్ వస్తుంది, కాబట్టి ఆ ప్లాంటుకు రోజుకు 50 కిలోలు కావాలి. మేతకు వెళ్లే రెండు ఆవుల నుంచి ఇంట్లో దొరికేది 10 కిలోలు, గ్యాస్ 0.4, ఒక మనిషి వంటకు 0.25 దాకా పడుతుంది. కట్టేసి మేపే గేదెలు రెండు చేరి 30 కిలోలు దాటినప్పుడు ఒక ఘనపు మీటరు ప్లాంటుతో మొదలుపెట్టండి. పేడకు సమానంగా నీళ్లు కలపండి, గడ్డిపోచలు ఏరేయండి, లేకపోతే పైన తెట్టు కట్టి గ్యాస్ ఆగుతుంది. మంట ఎగిరెగిరి పడుతుంటే పేడ తప్పు కాదు, పైపులో నీరు నిలిచింది. పైపు లైనులో అన్నిటికంటే పల్లంలో ఉన్న చోట ఒక టీ (మూడు మూతుల పైపు ముక్క) బిగించి, కింద చిన్న వాల్వ్ పెట్టి, వారానికోసారి తెరిచి ఆ నీరు వదలండి.